మా పేరుతో పోయే బండ్లు

జూన్ నెలంతా చిత్తూరులో తోతాపురి వాసనే.
మురకంబట్టు దాటి మా ఫ్యాక్టరీ గేటు దాకా
ట్రాక్టర్లు రాత్రంతా వరస కట్టి ఉంటాయి,
డ్రైవర్లు కాయల మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటారు.
నేను వేబ్రిడ్జి కిటికీ వెనక
తూకం చీటీలూ, దేశం దాటే ఈమెయిళ్ళూ రాస్తాను.

రోటర్‌డామ్‌కి ధర పంపి పదకొండు రోజులు.
జెడ్డాకి తొమ్మిది.
"ఎక్కువ చెప్పినామేమో పరిమళా" అంటాడు చెంగల్రాయ నాయుడు.
కిలోకి అర్ధరూపాయి తగ్గించి మళ్ళీ పంపమంటాడు.
తగ్గించిన ధర కూడా పోయి అక్కడే పడింది.
ఫోన్ చేస్తే తెలిసింది:
లాటరీ తగిలిందనే ఉత్తరాల పక్కన,
బట్టతలకి నూనె అమ్మేవాళ్ళ పక్కన,
స్పామ్ గుట్టలో
మగ్గిపోతా.

అంకె తప్పు కాదు. భాష తప్పు కాదు.
ఉత్తరం అందుకునే సర్వరు ముందు ఉత్తరం చదవదు.
మా పేరు కింద రాసిపెట్టిన రికార్డు దగ్గరికి పోయి అడుగుతుంది:
ఈ పేరుతో బయల్దేరే బండ్లేవి?
నరహరిపేట చెక్‌పోస్టులో కూడా అంతే,
టార్పాలిన్ విప్పకముందే కాగితం అడుగుతారు.
మా కాగితంలో పాత సర్వరు ఒక్కటే ఉంది.
కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేరు తోలే బండి
అందులో లేదు.

కాగితం దిద్దాలంటే డొమైన్ పాస్‌వర్డు కావాలి.
అది హేమాద్రి దగ్గర.
నాలుగేళ్ళ కింద, రెండు డబ్బాల పల్పు లెక్క తేలలేదని
నాయుడు గేటు బయటికి పంపిన హేమాద్రి.
ఆ డబ్బాలు తర్వాత బాయిలర్ వెనక దొరికినాయి.
ఎవరూ పోయి చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

గిరింపేటలో ఆయనకి జిరాక్సు అంగడి.
నన్ను చూసి కుర్చీ తుడిచినాడు.
పాస్‌వర్డు అడిగితే డ్రాయరు లాగి ముందు రసీదులు తీసినాడు,
నాలుగు, ఏడాదికొకటి.
మేం డబ్బు కట్టామో లేదో మాకే గుర్తులేని పేరు.
"గడువు దాటితే ఎవుడో కొనుక్కుంటాడు గదమ్మా.
ఆ అక్షరాలు మొదట కొట్టింది నేనే."

తొందరపడి రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు రాయబోతే
చెయ్యి అడ్డం పెట్టినాడు.
"ఒక పేరుకి రెండు జాబితాలుంటే రెండూ చెల్లవు.
దాంట్లోనే కలుపు."
కలిపినాను.
తర్వాత డీకిమ్, నాలుగు వందల అక్షరాల తోక.
బ్యాంకులో సంతకం మచ్చు ఇచ్చినట్టు
అందరికీ కనపడేలా అంటించాల,
సంతకం పెట్టే చెయ్యి మాత్రం మన దగ్గరే ఉంచుకోవాల.
దారిలో ఎవరైనా ధరలో ఒక్క సున్నా మారిస్తే
సంతకం కలవదు.
చివర డీమార్క్: మా పేరు తగిలించుకుని దొంగబండి వస్తే
ఏం చెయ్యాలో ముందే చెప్పిపెట్టడం.
"మొదట ఏమీ చెయ్యొద్దను. ఎవురెవురు పోతా ఉండారో
చూసి రిపోర్టు పంపమను, చాలు.
నెల పోయినాక పక్కన పెట్టమను.
విచారించకుండా ఎవుర్నీ గేటు బయటికి తొయ్యకూడదు."

నేను కీబోర్డు వైపే చూస్తా ఉన్నాను.

పాత రికార్డు గడువు తీరేదాకా కొత్తది లోకానికి తెలియదంట.
గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు.
ఈలోగా టీ తెప్పించినాడు.
ఒక పిల్ల వస్తే ఆధార్ రెండు పక్కలా తీసిచ్చి
చిల్లర లేదంటే రేపిమ్మన్నాడు.
దీపాలు పెట్టే వేళకి పరీక్ష ఉత్తరం పంపినాం, ఆయన పెట్టెకే.
హెడరు విప్పి వేలితో చూపించినాడు:
పాస్. పాస్. పాస్.

రోటర్‌డామ్ మర్నాడే రాసింది.
రసీదులు నాయుడు ముందు పెట్టినాను.
ఎంతయింది అన్నాడు. చెక్కు రాస్తా రాస్తా
పేరు దగ్గర కలం ఆపినాడు.
"హేమాద్రికి ఒక మెయిల్ కొట్టు."
ఏమని?
మూడుసార్లు మొదలుపెట్టి మానుకున్నాడు.
"ఆ డబ్బాలు... దొరికినాయని రాయి."

రాసినాను, పంపినాను.
వెనక్కి రాలేదు కాబట్టి చేరినట్టే.
కిటికీ బయట ట్రాక్టరు హారన్ కొడతా ఉంది,
తూకానికి.